బండొచ్చింది, బండి ఏడింటికొచ్చింది

ప్రశ్న: నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పనిచేస్తాను. బయటి దేశాల వాళ్ళకు మెయిళ్ళు నేనే రాస్తాను. మొన్న ‘వి హ్యావ్ లోడెడ్ ద కంటైనర్ ఆన్ మండే’ అని రాస్తే, కొత్తగా చేరిన అబ్బాయి తప్పన్నాడు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ‘ఇప్పుడే పూర్తయిన పని’ అని స్కూల్లో చెప్పారు. మరి వారం కిందట పంపినదానికి వాడకూడదా? మెయిల్ పంపే ప్రతిసారీ టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే తప్పు ‘హ్యావ్ లోడెడ్’లో లేదు, చివర తగిలించిన ‘ఆన్ మండే’లో ఉంది. ఆ రెండూ ఒకే వాక్యంలో ఇమడవు.

‘ఇప్పుడే పూర్తయిన పని’ అనే మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లిష్ చెప్పాను. మొదట్లో నేనూ బోర్డు మీద ‘ఐ హ్యావ్ కమ్ అంటే నేను వచ్చియున్నాను’ అనే రాశాను. ఇంట్లో గానీ బజారులో గానీ ‘వచ్చియున్నాను’ అనేవాళ్ళు ఎవరున్నారు? మన నోట లేని తెలుగుతో ఇంగ్లిష్ చెబితే పిల్లలకు రెండూ అందవు. ఆ సంగతి నాకు సింగరాయకొండ స్టేషన్లో తట్టింది.

మా తమ్ముడి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. ఎవరో ‘బండొచ్చింది’ అన్నారు. అంతే, అందరూ సంచులు ఎత్తుకున్నారు, పిల్లల చేతులు పట్టుకున్నారు. బండి ఎదురుగా ఉంది, ఎక్కాలి. ఇంగ్లిష్‌లో ఇది ‘ద ట్రెయిన్ హ్యాజ్ కమ్’. ఇంటికొచ్చాక మా అమ్మ అడిగితే ‘బండి ఏడింటికొచ్చింది’ అన్నాను. అప్పుడు ఎవరూ లేవలేదు, సంచీ ఎత్తుకోలేదు. అది జరిగిపోయిన సంగతి. ‘ద ట్రెయిన్ కేమ్ ఎట్ సెవెన్’. మన ‘వచ్చింది’ రెండు చోట్లా ఒకటే. ఇంగ్లిష్ వాళ్ళు మాత్రం దాన్ని రెండుగా చీల్చారు.

కాబట్టి పని ఎంత పాతదని చూడకండి. ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెబుతున్నారా, ఎప్పుడు జరిగిందో చెబుతున్నారా, అది చూడండి. కొనేవాళ్ళకు కావలసింది సరుకు కదిలిందన్న ధైర్యమైతే ‘వి హ్యావ్ లోడెడ్ ద కంటైనర్’ అని రాసి ఆపండి. వారం అయినా అది సరైనదే. వాళ్ళు తేదీ కూడా అడిగితే కింద ఇంకో వాక్యం రాయండి: ‘వి లోడెడ్ ఇట్ ఆన్ మండే’. ఎస్టర్డే, లాస్ట్ వీక్, ఇన్ 2019 లాంటి ముగిసిన కాలాలు వచ్చాయంటే ‘హ్యావ్’ తప్పుకోవాలి. ఆ లెక్కనే, తేదీ అడిగే ‘వెన్’ ప్రశ్నలోనూ అది రాదు. ‘వెన్ హ్యావ్ యూ సెంట్ ద పేమెంట్’ కాదు, ‘వెన్ డిడ్ యూ సెండ్’. బయోడేటాల్లో ‘ఐ హ్యావ్ పాస్డ్ డిగ్రీ ఇన్ 2015’ అనేది మన దగ్గర ఎంతమంది రాస్తారో! ‘ఐ పాస్డ్’ చాలు.

అదే కాలం ఇంకా నడుస్తుంటే ‘హ్యావ్’ హాయిగా వస్తుంది. ఈ నెల ఇంకా అవలేదు కాబట్టి ‘వి హ్యావ్ షిప్డ్ త్రీ కంటైనర్స్ దిస్ మంత్’. పోయిన నెల అయితే ‘వి షిప్డ్’.

మన తెలుగులో దీనికి అచ్చంగా సరిపడే మాట ఒకటుంది. మా నాయనమ్మ ‘నేను కాశీ చూసి ఎరగను’ అనేది. ఏ ఏడాది అని లేదు, పుట్టినప్పటి నుంచి ఆ క్షణం దాకా మొత్తం కలిపి ఒక్కమాట. ‘ఐ హ్యావ్ నెవర్ సీన్ కాశీ’. ‘ఎరుగుదును, ఎరగను’ అనదగ్గ చోటల్లా ప్రెజెంట్ పర్ఫెక్ట్ పెట్టి చూడండి, దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అన్నాను. తప్పా మేడమ్?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తప్పే నాయనా, ఒకటి కాదు, రెండు. మనం ‘ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను’ అంటాం కదా, ‘చేస్తున్నాను’ నుంచి ‘యామ్ వర్కింగ్’, ‘నుంచి’ లోనుంచి ‘సిన్స్’ వచ్చేశాయి. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎక్కడ మొదలైందో చెబితే ‘సిన్స్’. మన పక్క జిల్లానే తీసుకో. ఒంగోలు జిల్లాగా 1970లో ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు 1972లో పెట్టారు. పెట్టడం ముగిసిన పని, ‘వాజ్ నేమ్డ్ ఆఫ్టర్ హిమ్ ఇన్ 1972’. ఆ పేరు ఇప్పటికీ ఉంది, ‘హ్యాజ్ హ్యాడ్ దిస్ నేమ్ సిన్స్ 1972’. ఆయన 1953లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు అన్నప్పుడు ‘బికేమ్’ తప్ప ఇంకోటి కుదరదు.

ఈ తేడా వల్ల నేనొకసారి నష్టపోయాను. ఉద్యోగంలో ఉంటూనే వేరే స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్ళి ‘ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అన్నాను. మానేశాననుకుని, ఎందుకు మానేశారని గుచ్చి గుచ్చి అడిగారు. వాళ్ళేం అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ‘హ్యావ్ వర్క్డ్’ అని ఉంటే ఇంకా చేస్తున్నానని తెలిసేది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోన్లో ‘డిడ్ యూ ఈట్ యెట్’ అంటాడు. ‘హ్యావ్ యూ ఈటెన్’ కదా సరైనది?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: రెండూ సరైనవేనండీ. యెట్, ఆల్రెడీ, జస్ట్ ఉన్నచోట అమెరికాలో మామూలు పాస్ట్ టెన్స్ కూడా చెల్లుతుంది. మన పాఠాలు బ్రిటిష్ పద్ధతివి, అందుకే మీకు అది తప్పుగా వినిపిస్తుంది. పరీక్ష రాసే పిల్లలకు మాత్రం ‘హ్యావ్’ నేర్పండి.

ఇంకొక్కటి. ‘తిరుపతి వెళ్ళారు’ అంటే ‘హ్యాజ్ గాన్’, మనిషి ఇంకా తిరిగి రాలేదు. ‘వెళ్ళొచ్చారు’ అంటే ‘హ్యాజ్ బీన్’. వాళ్ళ నాన్నగారు కొండ మీద ఉండగా మీ అబ్బాయి ఫోన్ చేస్తే, ‘హి హ్యాజ్ బీన్ టు తిరుపతి’ అన్నారనుకోండి, ‘అయితే నాన్నకివ్వమ్మా ఫోను’ అంటాడు.