నాసన్ కొండ కట్టెలాయన: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ కథ చదివాను. నల్లమలలో ఒంటరిగా బతికే ముసలాయన కథ. అడవి బాగుంది, వాక్యం బాగుంది. మనిషి మాత్రం ఇంకా రాలేదు. ఎందుకు రాలేదో తేల్చుకోవడానికి ఒక వియత్నాం కథ చెబుతాను. నీ చిత్తుప్రతి పక్కన పెట్టి కొన్నాళ్ళు దీనితో కూర్చో.

పుస్తకం పేరు త్రుయెన్ కీ మాన్ లుక్. రచయిత న్గుయెన్ జూ, 16వ శతాబ్దం వాడు. నాలుగు భాగాలు, భాగానికి ఐదు చొప్పున 20 కథలు. ఆయన రాసింది ప్రాచీన చైనీస్‌లో కాబట్టి ఈనాటి వియత్నాం పాఠకులు కూడా దీన్ని అనువాదంలోనే చదువుకుంటారు. అనువాదం మీద ఆధారపడుతున్నానే అని నువ్వు బెంగపడక్కర్లేదు. నీకు కావలసిన కథ పేరు ‘నా సన్ తియెవ్ దోయ్ లుక్’: నాసన్ కొండ కట్టెలాయనతో జరిగిన సంభాషణ. చిన్న కథ, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

ముందు కథ చెబుతాను. థాన్ హ్వా ప్రాంతంలో నాసన్ అనే కొండ. అందులో పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న గుహ. రోజూ అందులోంచి ఒకాయన కట్టెల మోపుతో దిగివస్తాడు. చేపలకీ మద్యానికీ మార్చుకుంటాడు, కాసు మాత్రం ముట్టడు. ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లలూ కనిపిస్తే సాగుబడి గురించి సరదాగా మాట్లాడతాడు. పేరూ ఊరూ అడిగితే నవ్వేస్తాడు. పొద్దు వాలగానే కొండెక్కుతాడు. ఒకనాడు వేటకొచ్చిన రాజు హో హాన్ థువాంగ్ దారిలో ఈయన పాడుకుంటూ పోవడం వింటాడు. ఎవరో జ్ఞాని అనుకుని, పిలుచుకురమ్మని త్రువాంగ్ అనే కొలువుకాణ్ణి పంపుతాడు. త్రువాంగ్ గడ్డి తప్పించుకుంటూ వెంట పడతాడు, దారి నిటారుగా మారుతుంది, జాడ పోతుంది. వెనక్కి తిరగబోతుండగా వెదురు పొదలోంచి కోడికూత వినిపిస్తుంది. అలా గుడిసె చేరతాడు. రాత్రి పొద్దుపోయేదాకా మాటలు, మర్నాడు మళ్ళీ మాటలు. కట్టెలాయన కొలువుకు రానంటాడు, పైగా రాజు తప్పులు వరసగా చెబుతాడు. విన్న రాజు నొచ్చుకుంటాడు, అయినా మళ్ళీ పిలిపిస్తాడు. ఈసారి త్రువాంగ్ వెళ్ళేసరికి గుహ ద్వారం నాచు పట్టి ఉంటుంది, తీగలూ ముళ్ళూ దారిని కమ్మేసి ఉంటాయి. రాతి మీద చెట్టు జిగురుతో రాసిన రెండు పద్యపాదాలు. రాజుకు కోపం వచ్చి కొండ తగలబెట్టిస్తాడు. కొండంతా కాలినా మనిషి జాడ లేదు. ఒక నల్ల కొంగ మాత్రం ఆకాశంలో తిరుగుతూ కనిపిస్తుంది.

మొదటిసారి కలం పట్టకుండా చదువు. చదివాక పుస్తకం మూసి, గుర్తున్న వస్తువులు మాత్రం ఒక కాగితం మీద రాయి: కట్టెలు, చేపలు, మద్యం, కోడి, తీగలతో అల్లిన మంచం, వాద్యాలు, సున్నం గోడలు, ఆ గోడల మీద రెండు పాటలు. ఆ పాటల్లో ఒకటి నిద్ర మీది ఇష్టం, ఒకటి చదరంగం మీది ఇష్టం. ఇప్పుడు నీ కథలో ముసలాయన గుడిసెలో ఏమున్నాయో అలాగే రాయి. కుండ, గొంగళి, గొడ్డలి. ఏ ముసలాయన గుడిసెలోనైనా ఉండేవే. న్గుయెన్ జూ ఎంచిన వస్తువుల్లో సగం మరో మనిషి అవసరాన్ని చూపిస్తున్నాయి. చదరంగానికి ఎదుటివాడు కావాలి. గోడ మీద పాట రాశాడంటే చదివేవాడు ఎప్పుడో వస్తాడని లెక్క. ఈ ఏకాంతంలో కాలక్షేపం ఉంది, సంగీతం ఉంది, పక్కన మనిషికి చోటు ఉంది. నువ్వు ఒంటరితనం రాయబోయి లేమి రాశావు. ఆ రెండూ కలిసిపోతే పాఠకుడికి జాలి పుడుతుంది, కుతూహలం పుట్టదు.

రెండోసారి చదివేటప్పుడు కాగితాన్ని మూడు నిలువు వరసలు చెయ్యి. మొదటి వరసలో ఎవరు కదిలారు, రెండో వరసలో ఎవరు ఏం అడిగారు, మూడో వరసలో ఏ జవాబు వచ్చింది లేదా రాలేదు. ఒక్కో సంఘటనకు ఒక్క అడ్డు గీత. నింపాక మొదటి వరస చూడు. కథలో శ్రమపడి కదిలేది త్రువాంగ్. కట్టెలాయన ఇంటికి పోతాడంతే. రాజు రెండుసార్లు మనిషిని పంపుతాడు, తను కొండెక్కడు. మూడో వరసలో పేరుకు సంబంధించిన గడి చివరిదాకా ఖాళీగానే ఉంటుంది. రాజుకు పూర్తి పేరుంది, ఖాయ్ దాయ్ అనే పాలనా శకం పేరు కూడా ఉంది. కొలువుకాడికి ఇంటిపేరు మాత్రం. కొండ మీదాయనకు ఏదీ లేదు. అధికారం తగ్గేకొద్దీ పేరు తగ్గుతుంది, మాట బలం మాత్రం పెరుగుతుంది. దీని మీద రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యడు.

చూసేవాడు ఎవరన్నది నువ్వు ముందు తేల్చుకోవాలి. నీ కథ ముసలాయన తలలో నడుస్తోంది. మొదటి పేజీలోనే ఆయన ఎందుకు ఊరు వదిలాడో, భార్య ఎలా పోయిందో చెప్పేశావు. అడవి మనిషి కథల్లో ఎక్కువ చెడేది ఇక్కడే. పాత్ర లోపలి నుంచి మొదలుపెడితే దాచడానికి ఏమీ మిగలదు, అప్పుడు పేజీలు నింపడానికి చెట్ల పేర్లు తేవాల్సి వస్తుంది. ఈ కథలో కట్టెలాయన మనసులోకి మనం ఒక్క క్షణం కూడా వెళ్ళం. ఆయన అడవికి ఎందుకొచ్చాడో ఎక్కడా లేదు. మనల్ని నడిపించేవాడు పనిమీద వచ్చిన త్రువాంగ్. అతనికి ఒక లక్ష్యం ఉంది, రాజు ఆజ్ఞ ఉంది, వట్టి చేతులతో వెనక్కి పోతే మాట పడే ప్రమాదం ఉంది. కాబట్టి అడవి వర్ణన అంతా అతని అడ్డంకులుగా వస్తుంది: గడ్డి, నిటారు దారి, గూళ్ళకు చేరే పక్షులు. ఒక్క ఆకు కూడా అందం కోసం పెట్టలేదు. నీ కథలో అడవి వర్ణన ఉన్న ప్రతి వాక్యం ముందూ ‘ఇది ఎవరికి అడ్డు?’ అని మార్జిన్‌లో రాసుకో. జవాబు లేని వాక్యం కొట్టెయ్యి.

ఇప్పుడు నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్న చోటుకొచ్చాను. మొదటి రాత్రి కట్టెలాయన త్రువాంగ్‌తో ఏమంటాడు? కొండ దున్నుకుంటాను, వాగు నీళ్ళు తాగుతాను, బయట ఏ వంశం ఏలుతోందో, ఎవరు రాజో నాకేం తెలుసు అంటాడు. మర్నాడు అదే నోటితో రాజు ప్రజల శక్తినంతా పిండి కిమ్ అవు మహలు కట్టించాడంటాడు. ఖజానా ఊడ్చేశాడనీ, లంచమిస్తే శిక్ష తప్పుతోందనీ, డబ్బు పోస్తే పదవి దొరుకుతోందనీ, నిజం చెప్పినవాణ్ణి చంపి ముఖస్తుతి చేసినవాడికి బహుమతి ఇస్తున్నారనీ అంటాడు. పోగొట్టుకున్న సరిహద్దు భూమి పేరు చెబుతాడు. కొలువులో ఎవరెవరు ఎలాంటివాళ్ళో పేరుపేరునా చెబుతాడు. ఇవన్నీ కొండ మీద కూర్చుంటే తెలిసేవా?

జవాబు ఆ కథ మొదటి పేరాలోనే ఉంది. చేపలూ మద్యం. రోజూ ఊళ్ళోకి దిగి, కట్టెలిచ్చి, ముసలివాళ్ళతో కబుర్లాడి వెళ్ళే మనిషికి దేశం సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? రచయిత ఆ ముడి విప్పి చూపడు. నాకు ఇది కథలో అన్నిటికన్నా గొప్ప పనితనం అనిపిస్తుంది. ముందు లావాదేవీ చూపించాడు, తర్వాత తెలియదన్నాడు, ఆపైన తెలిసిందంతా కుమ్మరించాడు. ఈ మూడూ ఈ వరసలో వస్తేనే కట్టెలాయన బతుకుతాడు. మొదటిది తీసేస్తే అంతా తెలిసిన దేవుడైపోతాడు. రెండోది తీసేస్తే తెలివైన ప్రతిపక్షంవాడు. మూడోది తీసేస్తే బొమ్మలో కూర్చున్న ఋషి. చాలామంది కొత్తవాళ్ళు పాత్ర మాటల్లో పొంతన కుదరలేదని భయపడి రెండోదాన్ని కొట్టేస్తారు. అలా చెయ్యకు.

నీ ముసలాయన సంగతి చూద్దాం. నల్లమలలో ఆయన కొండ దిగేటప్పుడు చేతిలో ఏముంది? తేనెనా, తపసి బంకనా, కుంకుడుకాయలా? గిరిజన సహకార సంస్థ డిపోలో తూకం వేయించుకుంటాడా, వారపు సంతలో ఉప్పుకీ బియ్యానికీ మార్చుకుంటాడా? బంకకు రంగును బట్టి ధర కడతారు. లేత రంగుది ఎక్కువ పలుకుతుంది, ముదురుదీ బెరడు ముక్కలు కలిసినదీ తక్కువ. ఆ బేరంలో ఆయన ఎన్ని మాటలాడతాడు, ఎవరి కబురు వింటాడు? ఈ ఒక్క దృశ్యం సరిగ్గా రాస్తే తర్వాత ఆయన నోట ఏ సంగతి పలికించినా నమ్ముతాం. ఇప్పుడు నీ కథలో ఆయన ఉప్పు ఎక్కడిదో తెలియదు. ఉప్పు లేకుండా ఎవరూ అడవిలో ఏళ్ళ తరబడి బతకరు.

మూడోసారి చదివే ముందు కొంచెం చరిత్ర తెలుసుకోవాలి. అది లేకపోతే ఈ కథ ‘పట్నం చెడ్డది, అడవి మంచిది’ అనే నీతికథలా కనిపిస్తుంది. కథలోని రాజు హాన్ థువాంగ్ తండ్రి హో క్వీ లీ. ఆయన 1397లో రాజధానిని థాన్ హ్వాకు మార్పించాడు. అక్కడ కట్టించిన రాతికోట ఇప్పటికీ ఉంది, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1400లో త్రాన్ వంశాన్ని తొలగించి గద్దెనెక్కి, ఏడాది తిరక్కుండానే కొడుకు హాన్ థువాంగ్‌కు సింహాసనం అప్పగించాడు. 1406లో మింగ్ సైన్యం చైనా నుంచి దండెత్తింది. 1407లో తండ్రీకొడుకులు పట్టుబడ్డారు: తండ్రి కీ లా సముద్రపు రేవు దగ్గర, కొడుకు కావ్ వోంగ్ కొండ మీద. ఇప్పుడు రాతి మీద జిగురుతో రాసిన ఆ రెండు పాదాలు మళ్ళీ చూడు. ఒక పాదంలో కీ లా రేవు, రెండో పాదంలో కావ్ వోంగ్ కొండ. ప్రాణం తెగడం, బాటసారి దిగులు అంటూ మామూలు విషాద కవిత్వంలా ఉంటాయి. కథలో రాజుకు అవి ఒట్టి ఊళ్ళ పేర్లు. న్గుయెన్ జూ నాటి పాఠకుడికి ఆ తండ్రీకొడుకులు పట్టుబడబోయే చోట్లు. భవిష్యవాణి చెప్పించాలంటే పెద్ద మాటలు అక్కర్లేదు, ఊరి పేరు సరిపోతుంది. కాకపోతే ఆ ఊరి పేరు పాఠకుడికి తెలిసి ఉండాలి, పాత్రకు తెలియకూడదు. తెలుగులో ఈ ఎత్తు వాడాలంటే మన పాఠకుడికి ఏ ఊరు, ఏ సంవత్సరం వెంటనే తగులుతాయో చూసుకుని ఎంచు.

ఇంకో సంగతి. కట్టెలాయన చెప్పిన నేరాల జాబితాను చరిత్ర తీర్పుగా తీసుకోకు. హో క్వీ లీ 1396లో కాగితపు డబ్బు తెచ్చాడు, మరుసటి ఏడాది భూమికి పరిమితి పెట్టాడు, పరీక్షల విధానం మార్చాడు. మంచి చెడ్డల మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే మనిషి. న్గుయెన్ జూ ఈ కథ రాసేనాటికి హో పాలన ముగిసి నూరేళ్ళు దాటింది. ఆయన బతికిన కాలంలో ఇంకో సేనాపతి వంశం, మాక్ వంశం, 1527లో లే రాజుల్ని తోసి గద్దెనెక్కింది. ఈ పుస్తకానికున్న 1547 నాటి ముందుమాట ప్రకారం ఆయన జిల్లా అధికారిగా ఒక్క ఏడాదే పనిచేశాడు, తల్లిని చూసుకోవాలని మానేశాడు. తన కాలం రాజుల్ని అనలేని రచయిత పాత కాలం రాజును నిలబెట్టి కడిగాడని చాలామంది చదువుతారు, నాకూ అదే సబబనిపిస్తుంది. అందుకే త్రువాంగ్‌ను మొద్దుగా చెయ్యలేదు చూశావా? ఇంత ప్రతిభ ఉండి దాచుకోవడం న్యాయమా అని అతను అడిగే ప్రశ్న బలమైనది. జవాబుగా కట్టెలాయన చైనాలో తూర్పు హాన్ వంశపు కాలంలో పదవి కాదన్న యెన్ గువాంగ్ లాంటి పాతవాళ్ళ పేర్లు తెస్తాడు, కానీ ఆ ప్రశ్న పూర్తిగా తీరదు. కొలువు వదిలొచ్చిన రచయితకు అది సొంత ప్రశ్న. నీ కథలో ముసలాయన్ని చూడ్డానికొచ్చే ఫారెస్టు గార్డు ఒక్క గట్టి ప్రశ్న కూడా వెయ్యలేదు. అతనికి నీకు జవాబు తెలియని ప్రశ్న ఇవ్వు.

ఈ పుస్తకంలో దాదాపు ప్రతి కథ చివరా ఒక వ్యాఖ్య ఉంటుంది. దాన్ని చివరిదాకా ముట్టుకోకు, ముందే చదివితే కథ దాని వైపు వంగిపోతుంది. పాటల భాగాల్లో యంత్ర అనువాదం నమ్మకు. గద్యం వరకు పరవాలేదు, పద్యంలో ఊళ్ళ పేర్లను కూడా అర్థాలుగా విడగొట్టి పాడు చేస్తుంది. అలా జరిగితే చివరి రెండు పాదాల మహిమంతా పోతుంది. పేర్లు పేర్లుగానే ఉన్నాయో లేదో విడిగా సరిచూసుకో.

నల్ల కొంగ చూసి నీకు కూడా కథ చివర ఏదో అద్భుతం పెట్టాలనిపిస్తుంది. ఆగు. అది అద్భుత కథల సంప్రదాయంలోది, అప్పటి పాఠకుడు దాని కోసమే పుస్తకం తెరిచేవాడు. అయినా రచయిత ఎంత తక్కువ ఖర్చుపెట్టాడో చూడు. మంటకు ఒక మాట, పక్షికి ఒక మాట, కట్టెలాయన పక్షి అయ్యాడని చెప్పనే లేదు. నీ ముగింపులో ముసలాయన వెన్నెల్లో కలిసిపోవడానికి పేజీన్నర తీసుకుంది.

మూడు చదువులూ అయ్యాక రెండు పనులు చెయ్యి. ఈ కథను తెలుగులో మూడు వందల మాటల్లో, త్రువాంగ్ రాజుకు చెప్పుకునే నివేదికగా రాయి. ఏది దాచాడో, ఏది మెత్తబరిచాడో అందులో తేలాలి. తర్వాత నీ కథలో ఒక్క సంత దృశ్యం, రెండు పేజీలు మించకుండా, గార్డు కళ్ళతో రాయి. ఆ రెండూ పంపు. పాత చిత్తుప్రతి ఇప్పుడు పంపొద్దు, అందులో ఏది మిగుల్చుకోవాలో సంత దృశ్యం చదివాక కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య