కాలిపారి తన ఫైవ్ స్టార్ ఆటగాళ్ల నుంచి తగినంత రాబట్టారా?

జాన్ కాలిపారి 2009 నుంచి 2024 వరకు అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉండి, దేశంలోకెల్లా మేటి హైస్కూలు కుర్రాళ్లను, అంటే నిపుణుల రేటింగులో అత్యధికంగా అయిదు నక్షత్రాలు పొందిన ‘ఫైవ్ స్టార్’ ఆటగాళ్లను, ఏటేటా తెచ్చుకొని కూడా ఒకే ఒక్క ఛాంపియన్‌షిప్ గెలిచారు కదా, అది చాలినట్టేనా అని మీరు అడిగారు. ఎమ్మెస్ చదువుతూ ఆ విశ్వవిద్యాలయం ఉన్న లెక్సింగ్టన్‌లో గడిపిన రెండేళ్లలో ఈ వాదన నేను బస్సులో, ల్యాబులో, చివరకు క్షవరం చేయించుకుంటూ కూడా విన్నాను. 2015 వరకు చాలినంతే రాబట్టారని, ఆ తర్వాత రాబట్టలేకపోయారని నా అభిప్రాయం.

ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టించే, మార్చిలో మొదలయ్యే జాతీయ కళాశాలల టోర్నమెంటులో 2011, 2012, 2014, 2015 సంవత్సరాల్లో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) చేరడం సామాన్యమైన విషయం కాదు. 2012 విజయం అనగానే అందరూ మొదటి ఏడాది కుర్రాడు ఆంథొనీ డేవిస్ పేరే చెబుతారు గాని, ఆ జట్టులో నాలుగో ఏడాది చదువుతున్న స్థానికుడు డేరియస్ మిల్లర్, రెండో ఏడాదిలో ఉన్న టెరెన్స్ జోన్స్, డోరన్ లాంబ్ కూడా ఉన్నారు.

2015 సెమీఫైనల్ రాత్రి మా అపార్ట్‌మెంటులో ఎనిమిది మందిమి టీవీ ముందు కూర్చున్నాము. అప్పటికి 38 ఆటలు ఆడి ఒక్కటీ ఓడని జట్టు, విస్కాన్సిన్ మీద స్వల్ప ఆధిక్యంలో ఉండి, చివరి నిమిషాల్లో వరుసగా మూడుసార్లు 35 సెకన్ల గడువులోపు షాట్ పూర్తిచేయలేకపోయింది. బంతి చేతులు మారుతూనే ఉంది, గడియారం తరిగిపోతూనే ఉంది, ఎవరు షాట్ తీసుకోవాలో అయిదుగురిలో ఎవరికీ తెలిసినట్టు లేదు. చివరికి 71–64తో ఓడారు. ఆ జట్టు నుంచి ఆరుగురు అదే ఏడాది ఎన్‌బీఏ (వృత్తి బాస్కెట్‌బాల్ లీగు) డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే ప్రక్రియలో, ఎంపికయ్యారు. (గెలిచినా ఓడినా వీధిలో సోఫాలు తగలబెట్టడం అక్కడి కుర్రకారుకు అలవాటు, ఆ రాత్రి మేము తలుపు వేసుకొని కూర్చున్నాము.)

అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్టార్ రేటింగులో ఆ కుర్రవాడు ముందుముందు ఎంతటివాడు కాగలడన్న అంచనా చాలా వరకు కలిసి ఉంటుంది. మార్చి నెలలో గెలవడానికి ఇవాళ్టి సత్తువ, కలిసి ఆడిన అనుభవం కావాలి. హైస్కూలు ముగిశాక ఒక ఏడాది ఆగితేనే ఎన్‌బీఏలోకి రానిచ్చే నిబంధన 2006 డ్రాఫ్టు నుంచి అమలులో ఉండటం వల్ల, ఇటువంటి వారు కోచ్ చేతిలో ఉండేది నవంబరు నుంచి మార్చి వరకే. అంత తక్కువ వ్యవధిలో 2015 జట్టులోని డెవిన్ బుకర్ వంటి వాడి నుంచి కూడా పూర్తిగా పిండుకోవడం ఎవరికైనా కష్టమే.

అయితే ఈ సంగతి కాలిపారికి తెలియనిది కాదు. తెలిసి కూడా, మూడేళ్లు నిలిచి ఆడేవారిని చివరి సంవత్సరాల్లో తగినంతగా కూడగట్టుకోలేదన్నదే నా ఫిర్యాదు. 2022లో 15వ సీడు (బలాబలాల వరుసలో బాగా కింద ఉన్న జట్టు) సెయింట్ పీటర్స్ చేతిలో తొలి ఆటలోనే ఓడారు. 2024లో ఆయన జట్టులోని రీడ్ షెపర్డ్, రాబ్ డిలింగ్‌హామ్ డ్రాఫ్టులో 3, 8 స్థానాల్లో ఎంపిక కాబోతున్నవారు. వారిద్దరూ ఉండగానే ఓక్‌లాండ్ తరఫున జాక్ గోల్కీ అనే ఆటగాడు పది త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసి కెంటకీని ఇంటికి పంపాడు. అతడు అంతకు ముందు ఆడింది కింది స్థాయి అయిన రెండో డివిజన్ కళాశాలలో.