పంక్తిలో వలపక్షం లేని ఇల్లు

ప్రశ్న: మేస్టారూ, మాకు ఎం.ఏ.లో ఇంగ్లిష్ కవి బెన్ జాన్సన్ ఒక దొరల ఇంటిని పొగుడుతూ రాసిన పద్యం ‘టు పెన్స్‌హర్స్ట్’ ఉంది. అందులో పొగిడిన దొరలెవరో తిన్నగా చెప్పడు. పరీక్షంటే టెన్షన్‌గా ఉంది. అసలిదంతా వందిమాగధుల పొగడ్తేనా?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: ఇంటిపేర్లు చెప్పాడు తల్లీ, కాకపోతే మనుషులకు కాదు, తోపులకు తగిలించాడు. సిడ్నీ తోపు, గామేజ్ తోపు. ఇంగ్లండులోని కెంట్‌లో ఉన్న ఆ పెన్స్‌హర్స్ట్ ఇల్లు 1552లో రాజు ఆరో ఎడ్వర్డ్ సిడ్నీలకిచ్చింది. పద్యంనాటి యజమాని రాబర్ట్ సిడ్నీ, లైల్ ప్రభువు. భార్య బార్బరా గామేజ్, వేల్స్ ఆడపడుచు. పద్యంలో గింజ నుంచి ఎదిగిన ఎత్తయిన చెట్టు ఒకటుంది చూడు, అది రాబర్ట్ అన్న, కవి ఫిలిప్ పుట్టినప్పుడు (1554) నాటిందంటాడు. ఆయన యుద్ధంలో గాయపడి 1586లో పోయాడు. పద్యం అచ్చయింది 1616లో. అందులో రాజు జేమ్స్ వెంట ఆ ఇంటికి వచ్చిన యువరాజు హెన్రీ 1612లోనే పోయాడు కాబట్టి, రాసింది అంతకుముందే అంటారు.

ఇక పొగడ్త సంగతి. చిన్నప్పుడు మా బరంపురం వైపు ఒక పెద్దింటి పెళ్లికి నాన్నతో వెళ్లాను. ఆయన గుమాస్తా, కాబట్టి మా విస్తళ్లు పెరట్లో. బూరెల్లో వేసే నెయ్యిగిన్నె మా వరసకొచ్చేసరికి అడుగంటింది. రెండో బూరె అడిగితే వడ్డించేవాడు నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. జాన్సన్ కూడా ఇటుకలు పేర్చే మేస్త్రీ ఇంట్లో పెరిగినవాడే, మారుతండ్రిది ఆ పని. ఈ ఇంట్లో దొర తాగే బీరూ వైనే, దొర తినే రొట్టే నాకూ పెడతారంటాడు. నేనెన్ని గ్లాసులు తాగానో లెక్కపెట్టేవాడు లేడు, నా తిండి చూసి కుళ్లుకునే వడ్డనవాడూ లేడంటాడు. పెరట్లో కూర్చుని తిన్నవాడికే ఆ లెక్క గుర్తుంటుంది.

చేపలు వాటంతటవే వలలోకి పరుగెత్తుతాయన్నది మాత్రం శుద్ధ పొగడ్తే. ఎవరి ఏడుపూ లేకుండా ఆ గోడలు లేచాయన్నదీ నేను నమ్మను.

బార్బరా మాట వేరు. వేటకొచ్చిన రాజు జేమ్స్ చెప్పాపెట్టకుండా ఇంటికొస్తాడు. ఆవిడ ఊళ్లో లేదు. అయినా దుప్పట్లు, వెండి సామాను సిద్ధం, ప్రతి గదీ సర్దే ఉంది. మా ఇంటికి విజయనగరం చుట్టాలు ఫోన్ చేసి వచ్చినా ఇలా ఉండదు. పరీక్షలో ఆవిణ్ణి ‘లార్డుగారి భార్య’ అని వదిలేయకు, పేరు పెట్టి రాయి. పెద్దకూతురు మేరీ రోత్ తర్వాత తనే రచయిత్రి అయిందనీ, ఆమె ‘ఉరేనియా’ 1621లో వచ్చిందనీ ఒక ముక్క కలుపు.