విహార సలహాలు: వేసవి చివర సిఫ్నోస్ దీవిలో

గ్రీస్ దీవులకు బయలుదేరుతున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టు మొదట్లో మేమిద్దరం అక్కడికి వెళ్లి నెలన్నర ఉండాలనుకుంటున్నాము. అందులో పది రోజులు, ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, సిఫ్నోస్ అనే చిన్న గ్రీకు దీవిలో గడపాలని వాడి కోరిక. వీసా గ్రీస్‌ది తీసుకోవాలా? ఇంకా ఏయే ఏర్పాట్లు చేసుకోవాలి? నాకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.
– వి.ఎస్.ఎల్., హనుమకొండ

జవాబు: అమ్మా, షెంగెన్ దేశాలలో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలలో, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం కనుక, మీరు జర్మనీ వీసాయే తీసుకోవాలి, దానితోనే గ్రీస్ కూడా వెళ్లి రావచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేను రోజుల ముందు వరకు గడువు ఉన్నా, వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కనుక ఏప్రిల్, మే నెలల్లోనే ఆ పని ముగించుకోండి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లేలా ఉండాలి. సిఫ్నోస్‌లో పెద్ద ఆస్పత్రి లేదు కాబట్టి, అత్యవసరమైతే రోగిని ఏథెన్స్‌కు తరలించే ఖర్చు కూడా ఆ బీమాలో ఉందో లేదో చూసుకోండి.

వీసా కన్నా ఎక్కువగా ఆలోచించవలసింది గాలి గురించి. సిఫ్నోస్‌లో విమానాశ్రయం లేదు. ఏథెన్స్‌లో విమానం దిగి, మెట్రోలో సుమారు గంట ప్రయాణించి పిరేయస్ రేవుకు చేరుకుని, అక్కడ ఓడ ఎక్కాలి. 2022 అక్టోబరు నుంచి ఈ మెట్రో మధ్యలో మారే పని లేకుండా విమానాశ్రయం నుంచి నేరుగా రేవు దాకా వెళుతోంది. ఇక ఏజియన్ సముద్రం మీద వేసవి పొడవునా, ముఖ్యంగా జులై, ఆగస్టు నెలల్లో, ఉత్తరం నుంచి మెల్టెమి అనే పొడిగాలి వీస్తుంది. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కానీ సముద్రం మాత్రం తెల్లటి నురగతో లేచి పడుతూ ఉంటుంది. బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం ఏర్పడడం దీనికి కారణం. ఆ టర్కీ అల్పపీడనం మన నైరుతి రుతుపవనాలను లాక్కొచ్చే ఆసియా ఉష్ణ అల్పపీడనానికి పడమటి కొసే. మన పొలాల మీద వాన కురిపించే ఏర్పాటే అక్కడ ఓడలను ఆపుతోందని తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది.

గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ కొలమానంలో అది 8కి చేరితే పెద్ద ఓడలను కూడా రేవు దాటనివ్వరు. హైస్పీడ్ పడవలను అంతకన్నా ముందే ఆపేస్తారు. అలా ఆగినప్పుడు టికెట్ డబ్బు తిరిగి ఇస్తారు, లేదా తరువాతి ఓడలో చోటు ఇస్తారు, కానీ మీరు అందుకోలేకపోయిన విమానానికి ఓడ కంపెనీ బాధ్యత వహించదు. అందువల్ల నా సలహా ఒక్కటే: పది రోజులూ దీవికే కేటాయించకండి. ఎనిమిది రోజులకే అక్కడి నుంచి బయలుదేరి, చివరి రెండు రాత్రులు ఏథెన్స్‌లో ఉండండి. ఓడ ఒకరోజు ఆలస్యమైనా మీ ప్రయాణం చెడదు. ఆలస్యం కాకపోతే అక్కడి పురాతన కొండకోట అక్రోపోలిస్ తీరికగా చూడవచ్చు. వెళ్లేటప్పుడు కూడా, విమానం దిగిన పూటే ఓడ ఎక్కాలని పెట్టుకోవద్దు. హైస్పీడ్ పడవ సుమారు మూడు గంటల్లో చేరుస్తుంది, పెద్ద ఓడకు అయిదు గంటలు దాటుతుంది. అయినా మీ వయసుకు పెద్ద ఓడే నయం. అది తక్కువగా ఊగుతుంది, లేచి నాలుగడుగులు నడవవచ్చు.

బస విషయంలో ఫోటోలు చూసి మోసపోకండి. కొండ అంచున తెల్లటి ఇళ్లతో ఉండే పాత ఊరు కాస్ట్రో చూడడానికి ఎంత అందమైనదో, మోకాళ్లకు అంత కష్టమైనది. లోపలి సందుల్లోకి వాహనాలు రావు, అంతా రాతి మెట్లే, చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ల మీద దొర్లదు. మీరు రేవు ఊరు కమారెస్‌లో గానీ, దక్షిణ తీరంలో ఉన్న ప్లాటిస్ యాలోస్‌లో గానీ ఇల్లు తీసుకోమని అబ్బాయికి చెప్పండి. రెండు చోట్లా ఇసుక తీరం ఉంది, నేల చదునుగా ఉంటుంది, బస్సు వస్తుంది. ఉత్తరపు గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లో స్నానానికి దక్షిణ తీరమే అనుకూలం.

ప్రశ్న: మేము గుడ్డు కూడా తినని శాకాహారులము. చిన్న దీవిలో మాకు భోజనం దొరుకుతుందా? ఇక్కడి నుంచి నెయ్యి, ఆవకాయ, కరివేపాకు తీసుకువెళ్లవచ్చా?
– కె.ఆర్., గుంటూరు

జవాబు: తప్పకుండా దొరుకుతుంది, అందులోనూ సిఫ్నోస్ వంటకు పేరున్న దీవి. అక్కడి ఆదివారపు వంటకం రెవిథాదా. నానబెట్టిన కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకు మట్టికుండలో వేసి మూత పెట్టి, శనివారం సాయంత్రం కట్టెల పొయ్యిలో ఉంచుతారు. రాత్రంతా సన్నని సెగ మీద మగ్గి, ఆదివారం చర్చి ప్రార్థన ముగిసే వేళకు శనగలు వెన్నలా మెత్తబడతాయి. కుండలు చేయడం ఆ దీవి పాత వృత్తి కావడం వల్ల ఈ వంట అక్కడ అలా స్థిరపడింది. మెత్తగా ఉడికించిన పప్పు మీద ఆలివ్ నూనె, ఉల్లిముక్కలు వేసి ఇచ్చే ఫావా, శనగల వడలు, బియ్యం కూరిన టమాటాలు కూడా అడగండి. ఆ టమాటాలలో కొన్నిచోట్ల మాంసం కలుపుతారు కనుక ముందే కనుక్కోవాలి.

"నిస్తీసిమో" అని అడిగితే మాంసం, పాలు, గుడ్డు లేని ఉపవాస భోజనం అని అర్థం చేసుకుంటారు. అయితే రొయ్యలు, ఆక్టోపస్ వారి ఉపవాసానికి అడ్డు కావు, కాబట్టి అవీ వద్దని విడిగా చెప్పండి. ఫెటా వంటి చీజ్‌లలో పాలు విరగడానికి దూడల, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడే ఆచారం ఉంది. నిష్ఠ పాటించేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

నెయ్యి, పాలకోవా, పనీరు వంటి పాల పదార్థాలను ఇతర దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సామానులో తీసుకురానివ్వరు. విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకుకూ ధ్రువపత్రం కావాలి. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు నిరభ్యంతరంగా తీసుకువెళ్లండి. బియ్యం అక్కడి దుకాణాలలో దొరుకుతుంది. ఆ దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం మూడు గంటల వేళ మూసి సాయంత్రం తెరుస్తారు, కనుక సరుకులు ఉదయమే తెచ్చుకోవాలి.

మందుల గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు: కోడీన్ ఉన్న దగ్గుమందులు, నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా పెట్టుకోవద్దు. రక్తపోటు, చక్కెర మందులను అసలు స్ట్రిప్పులతోనే, పది రోజులు అదనంగా, చేతిసంచిలో ఉంచుకోండి.

ప్రశ్న: చిన్న దీవుల్లో కుళాయి నీళ్లు తాగవచ్చా? మన లైసెన్సు మీద స్కూటరు అద్దెకు ఇస్తారా?
– పి.ఎన్., హైదరాబాద్

జవాబు: తాగడానికి సీసా నీళ్లే వాడండి. వర్షం తక్కువ పడే ఈ దీవుల్లో నీరు అపురూపం, అదీ వేసవి చివర మరింత కొరత, కాబట్టి స్నానానికి పొదుపుగా వాడుకోవడం అతిథులుగా మన ధర్మం. మరుగుదొడ్డి గొట్టాలు సన్నగా ఉంటాయి. కాగితాన్ని అందులో వేయక పక్కన ఉంచిన బుట్టలోనే వేయాలి. స్కూటరుకు మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. మీ ఆర్టీఏ కార్యాలయంలో తీసుకుంటే ఏడాది పాటు చెల్లుతుంది. మీ లైసెన్సులో ద్విచక్ర వాహనానికి అనుమతి లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పైసా ఇవ్వదు. గాలి బలంగా ఉన్న రోజున కొండమలుపుల్లో స్కూటరు నడపడం నేను ఎవరికీ సూచించను. సిఫ్నోస్ వంటి చోట రేవు ఊరు కమారెస్ నుంచి దీవి ముఖ్యపట్టణం అపొల్లోనియా మీదుగా ముఖ్యమైన ఊళ్లన్నింటికీ బస్సులు ఉన్నాయి.