కెమెరా పట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడు?

తమ్ముడూ,

స్పోర్ట్స్ ఫోటోలకీ ఫ్యాషన్ ఫోటోలకీ ఉన్న తేడాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. చదివి పక్కన పెట్టేసేవాణ్ణే, కానీ మూడో పేజీలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. "స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్‌ది అదృష్టం, ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్‌ది అలంకారం" అన్నావు. వినడానికి నున్నగా ఉంది. అందుకే ఒళ్ళు మండింది. ఇలాంటి వాక్యం ఒకటి రాసేశాక రచయితకు ఇక చూడాల్సిన పని ఉండదు. దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీస్తే కాగితం చిరిగింది.

ముందు ఆ అదృష్టం సంగతి చూద్దాం. 1965 మే 25న అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్ళో బాక్సర్లు మొహమ్మద్ అలీ, సోనీ లిస్టన్ తలపడ్డారు. మొదటి రౌండులోనే లిస్టన్ వెల్లకిలా పడిపోయాడు. అలీ అతని మీద నిలబడి, కుడి చెయ్యి ముడిచి, లెమ్మని అరుస్తున్న ఫోటో నువ్వూ చూసే ఉంటావు. తీసింది నీల్ లైఫర్. అప్పటికి అతని వయసు 22. ఆ ఫోటోలో అలీ కాళ్ళ మధ్య నుంచి చూడు, రింగుకు అవతలి వైపున ఇంకో ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, లైఫర్ కంటే చాలా సీనియర్. పని రాక కాదు, కెమెరా లేక కాదు, కూర్చున్న వైపు వల్ల ఆయనకు దక్కింది అలీ వీపు.

ఇది అదృష్టమే కదా అంటావు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం రింగు పైకప్పులో ఉంది. అక్కడ ముందే ఫ్లాష్ లైట్లు కట్టించి పెట్టారు. ఒకసారి వెలిగాయంటే మళ్ళీ ఛార్జ్ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇవాళ్టి కెమెరాల్లా సెకనుకు ఇరవై ముప్పై ఫ్రేములు దంచడం కుదరదు. అలీ అరిచిన ఆ ఒక్క క్షణానికి ఒక్క నొక్కు. తొందరపడి అరసెకను ముందు నొక్కి ఉంటే ఆ అరుపు చీకట్లో కలిసిపోయేది. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో అలీ, క్లీవ్‌లాండ్ విలియమ్స్ పోటీకి అదే లైఫర్ ఒక కెమెరాను రింగుకు దాదాపు 80 అడుగుల ఎత్తున, సరిగ్గా నడినెత్తిన కట్టాడు. విలియమ్స్ నేల మీద చేతులు బార్లా చాచి పడి ఉన్నాడు, అలీ చేతులెత్తి నడిచి వెళ్తున్నాడు, రింగు మొత్తం నలుచదరంగా కనిపిస్తుంది. మనిషి నిలబడలేని చోట కెమెరాను నిలబెట్టాడు.

నా పాట నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫోటోల గురించి రాసేవాడు మొట్టమొదట చెప్పాల్సింది కెమెరా పట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడు, అక్కడ నిలబడనిచ్చింది ఎవరు అన్నది. లైటు, లెన్సు, శైలి, సౌందర్యం అన్నీ ఆ తర్వాతే. ఇది నా పిచ్చి అని మిత్రులు అంటారు. అననీ. నీ తొమ్మిది పేజీల్లో ఒక్క ఫోటోగ్రాఫర్ కాళ్ళు కూడా నాకు కనబడలేదు.

ఉప్పల్ స్టేడియానికి వెళ్ళు. ఆట చూడకు, ఫోటోగ్రాఫర్‌ని చూడు. బౌండరీ తాడు అవతల, ప్రకటన బోర్డుల వెనక చిన్న స్టూలు వేసుకుని కూర్చుంటాడు. మెడలో పాసు, ఒంటి మీద నంబరున్న బిబ్. సైట్ స్క్రీన్ దగ్గర కాస్త అటూ ఇటూ కదిలితే బ్యాట్స్‌మన్ చెయ్యి ఊపి ఆట ఆపేస్తాడు. బ్యాట్స్‌మన్‌ని ఒక్క అంగుళం జరగమనే హక్కు ఈయనకు లేదు. అందుకే దూరాన్ని దగ్గరికి లాగే 400 ఎంఎం లెన్సు, అందుకే దాని బరువు మోయడానికి ఒంటికాలి మోనోపాడ్. లెన్సు కన్ను బాగా తెరిచి, అంటే ఎఫ్ 2.8 దగ్గర తీస్తే వెనక జనం, బోర్డులు అన్నీ కరిగిపోతాయి. నువ్వు దాన్ని "స్వప్నసదృశ నేపథ్యం" అన్నావు. తమ్ముడూ, అక్కడ వెనకున్నది సిమెంట్ కంపెనీ ప్రకటన. అది కరక్కపోతే బ్యాట్స్‌మన్ తల మీద బస్తా మోస్తున్నట్టు పడుతుంది.

స్టూడియోలో లెక్క తిరగబడుతుంది. అక్కడ మనిషిని జరగమనవచ్చు, గోడ రంగు మార్చవచ్చు, మధ్యాహ్నాన్ని సాయంత్రం చెయ్యవచ్చు. దూరం సమస్య లేదు కాబట్టి 85 ఎంఎం లెన్సు చాలు. కానీ అక్కడా ఒక యజమాని ఉన్నాడు, బట్ట. గద్వాల చీర తీయాలంటే అంచు కనబడాలి, కొంగు కనబడాలి, జరీ మెరవాలి కానీ తెల్లగా కాలిపోకూడదు. ఎదురుగా ఫ్లాష్ కొడితే జరీ కాలిపోతుంది, నేత కనబడదు. వెలుగును మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ పక్కనుంచి పెడితే పోగు పోగూ లేచి కనబడుతుంది. ఇదంతా అలంకారం అన్న ఒక్క మాటలో ఎలా ఇరికించావో నాకు అర్థం కాలేదు.

ఒకసారి ర్యాంప్ షో కూడా చూసిరా. ర్యాంప్ చివర ఫోటోగ్రాఫర్లంతా మెట్లు మెట్లుగా పెట్టెలేసుకుని ఒకరి మీద ఒకరు పడుతుంటారు. ముందే వచ్చి నేల మీద టేపు అంటించి తన చోటు గుర్తు పెట్టుకుంటారు. టేపు మీద కాలేస్తే తగాదా. మోడల్ నడిచి వస్తుంటే ఫోకస్ వెంబడిస్తూ, ముందు పాదం నేలకు ఆనే క్షణం కోసం కాచుకుంటారు. ఆగమనే హక్కు లేదు, మళ్ళీ నడవమనే హక్కు లేదు. దీన్ని ఏ పెట్టెలో పెడతావు? వ్యాసం మధ్యలో నువ్వు వేసిన తేడాల పట్టికలో దీనికి గడే లేదు.

పట్టిక అంటే గుర్తొచ్చింది. "రెండింటిలోనూ కదలికను ఆపడానికి హై షట్టర్ స్పీడ్ వాడతారు" అని అందులో రాశావు. ఎక్కణ్ణుంచి తెచ్చావో గానీ తప్పు. మైదానంలో నిజమే, ఫాస్ట్ బౌలర్ చెయ్యి కదలకుండా నిలవాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు, రెండు వేలో వంతు సేపే తెరుచుకోవాలి. స్టూడియోలో కొంగు గాల్లోకి విసిరినప్పుడు షట్టర్ సెకనులో 1/160 వంతు దగ్గరే ఉంటుంది. మామూలు ఫ్లాష్ పద్ధతిలో చాలా కెమెరాలు 1/200, 1/250 దాటితే ఫ్రేములో ఒక పక్క నల్లగా పడిపోతుంది. అక్కడ కొంగును ఆపేది ఫ్లాష్ వెలుగు. అది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు వెలిగి ఆరిపోతుంది. చీకటి గదిలో ఆ కాస్సేపే ఫోటో. ఇప్పుడు మళ్ళీ లైఫర్ దగ్గరికి వెళ్ళు. అతను రింగు మీద చేసింది అచ్చంగా ఈ స్టూడియో పనే. బాక్సింగ్‌లో కుదిరింది. బ్యాడ్మింటన్‌లో ఫ్లాష్ వెలిగిస్తే బయటికి పంపేస్తారు, షటిల్ చూస్తున్న కళ్ళలో కొడుతుంది కదా. ఏ కోర్టు పక్కన కూర్చున్నావన్న దాన్ని బట్టి టెక్నిక్.

ఇక ఫ్యాషన్ ఫోటోలు "నిశ్చలమైనవి" అన్న నీ సిద్ధాంతం. మార్టిన్ మున్‌కాచీ పేరు విన్నావా? హంగరీవాడు. బుడాపెస్ట్‌లో, తర్వాత బెర్లిన్‌లో పత్రికలకు ఆటల ఫోటోలు తీసి బతికాడు. ఫుట్‌బాల్ గోల్‌కీపర్లు, నీళ్ళు చిమ్ముకుంటూ పోయే మోటార్‌సైకిళ్ళు. 1933లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ బీచ్‌లో హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం స్విమ్‌సూట్ ఫోటో తీయాల్సి వచ్చింది. చలికాలం మొదలైంది, ఇతనికి ఇంగ్లీషు రాదు. లూసీల్ బ్రోకా అనే మోడల్‌ని చేతులతో సైగలు చేసి తన వైపు పరిగెత్తమన్నాడు. భుజాల మీది కేప్ వెనక్కి ఎగురుతుండగా ఆమె పరిగెత్తి వచ్చింది. అప్పటిదాకా స్టూడియోలో దిమ్మె మీద నిలబడ్డ ఆడవాళ్ళనే చూసిన పాఠకులకు అది కొత్త. 1957లో ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఎవెడన్ పారిస్‌లో గొడుగు పట్టుకున్న మోడల్‌ని పేవ్‌మెంట్ మీంచి గాల్లోకి గెంతించి, ఆ ఫోటోను మున్‌కాచీకి నివాళి అన్నాడు. ఆటల ఫోటోగ్రాఫర్ వచ్చి ఫ్యాషన్‌కి పరుగు నేర్పాడు. నీ వ్యాసం మధ్యలో గోడ కట్టావు చూడు, ఆ గోడ 1933లోనే కూలింది.

అటునుంచి ఇటు కూడా రాకపోకలున్నాయి. వాల్టర్ యోస్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ దశాబ్దాల పాటు ఒక చేత్తో ఫుట్‌బాల్, మరో చేత్తో స్విమ్‌సూట్ సంచికలు తీశాడు. 1987లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ ఎగిరి బంతిని బుట్టలో కుక్కుతున్న (డంక్) ఫోటో కోసం ఇలినాయ్‌లో ఒక పార్కింగ్ స్థలానికి నీలం రంగు వేయించి, క్రేన్ ఎక్కి పైనుంచి తీశాడు. నీలం నేల మీద జోర్డాన్, పక్కన అతని నీడ. ఆట లేదు, ప్రత్యర్థి లేడు, స్కోరు లేదు. అది స్పోర్ట్సా, ఫ్యాషనా?

మన దగ్గర ఈ తగవు ఇంకా పాతది. లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్. వేటలు తీశాడు, కానీ ఆ రోజుల గాజు ప్లేట్లతో దూకే పులిని పట్టడం అయ్యేది కాదు. చచ్చిన పులి పక్కన దొరలు తుపాకీతో నిలబడతారు. వైస్రాయ్ కర్జన్ దంపతులూ అలాగే నిలబడ్డారు. పోజు పెట్టిన స్పోర్ట్స్ అది. అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ చేతికిచ్చాడు. పరదా ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళ నగలూ పట్టుబట్టలూ కెమెరా ముందుకు రావాలంటే ఆ గదిలో మగవాడు నిలబడకూడదు. చూశావా, మళ్ళీ అదే, ఎవరు ఎక్కడ నిలబడవచ్చు!

నేను పత్రికలో చేరిన కొత్తలో ఫతే మైదాన్‌లో సాయంత్రం ఆటలకు పంపేవారు. ఫ్లడ్‌లైట్లు అంతంత మాత్రం. వెలుతురు చాలక 400 స్పీడు ఫిల్మును 1600 స్పీడుకి లాగి, ఆఫీసు వెనక బాత్‌రూములో కడిగితే ఫోటో అంతా బొంబాయి రవ్వ చల్లినట్టుండేది. ఒక రాత్రి హాకీ గోలీ అడ్డంగా పడుకుని, కాలి కొసతో బంతిని ఆపిన ఫోటో తెచ్చాను. దాని కోసం గోల్ వెనక మోకాళ్ళ మీద ఎంతసేపు కూర్చున్నానో. మా సంపాదకుడు దాన్ని సింగిల్ కాలమ్ చేసి ఆ కాలే కత్తిరించాడు. పక్కన ఐదు కాలాల్లో ఒక హీరోయిన్, పబ్లిసిటీ వాళ్ళు కవరులో పంపిన స్టిల్. "జనం మొహం చూస్తారయ్యా, కాలు ఎవడిక్కావాలి?" అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం పోలేదు. తర్వాత దీపావళి సంచికకు చీరల ఫోటోలు తీయమన్నారు. కొట్టు యజమాని పక్కన నిలబడి కుచ్చిళ్ళు లెక్కపెట్టేవాడు. ఆ ఏడాది నేర్చుకున్నదే ఇప్పటిదాకా నీకు చెప్పిన జరీ సంగతి.

ఇప్పటి సంపాదకులకు బాక్సులు కావాలి. "ఐదు తేడాలు", "పది చిట్కాలు", మధ్యలో ఒక విదేశీ కొటేషన్. నీ వ్యాసంలో మూడు బాక్సులున్నాయి. ఎవరు అడిగారో ఊహించగలను. తీసెయ్.

నువ్వు పంపిన ఫోటోల్లో సంక్రాంతి కబడ్డీది ఒకటుంది. కూతకెళ్ళిన కుర్రాడి వీపు, దుమ్ము, అవతల గొలుసు కట్టిన చేతులు. "మొహం పడలేదు, క్షమించండి" అని కింద రాశావు. మొహం ఎలా పడుతుంది? నువ్వు ఆ కుర్రాడి జట్టు వైపు, మీ ఊరివాళ్ళ మధ్య కూర్చున్నావు. మొహం కావాలంటే ఎదుటి జట్టు వెనక, ఎండ్ లైన్ అవతల, పక్క ఊరివాళ్ళలో కూర్చోవాలి. అక్కడ కూర్చోనిస్తారా, కూర్చుంటే మీవాళ్ళు ఏమంటారు? నాకు చదవాలని ఉన్నది అది. అలాగే ఆరో పేజీలో మీ అక్క విజయవాడలో చీరల క్యాటలాగ్‌కి నిలబడితే జాకెట్ వెనక అన్నీ క్లిప్పులే అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ముందు నుంచి చూసేవాడికి ఆ క్లిప్పులు కనబడవు. నువ్వు వెనక ఉన్నావు కాబట్టి చూశావు. ఆ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఏ కెమెరా కొనాలని అడిగావు. నన్నడక్కు.

అక్కతో మళ్ళీ ఆ షూటింగుకి వెళ్ళు, ఈసారి లైట్లు పట్టే కుర్రాడితో మాట్లాడు. కబడ్డీకి పక్క ఊరివాళ్ళ వైపు కూర్చో. తిరగరాసి పంపేటప్పుడు ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో చదవలేను. లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదులు, నాకు రాయడానికి చోటు కావాలి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య