మర్మావయవం మీద నల్లమచ్చకు డెర్మోస్కోపీ: నొప్పి ఉంటుందా? బయాప్సీ తప్పదా?

డెర్మోస్కోపీ అంటే మచ్చను లెన్స్‌తో పెద్దగా చేసి చూడటమే, నొప్పి అస్సలు ఉండదు. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించే సంగతి మాత్రం లెన్స్‌లో ఏం కనబడిందనే దాన్ని బట్టి ఉంటుంది. నాకు రెండూ అయ్యాయి కాబట్టి చెప్తున్నాను.

నలభై దాటాక యోని పెదవి లోపలివైపు వేలిగోరంత మచ్చ చూసుకున్నాను. అంచులు వంకరటింకర, ఒకచోట గోధుమ రంగు, ఇంకోచోట కారునలుపు. దురద లేదు, రక్తం లేదు. సిగ్గుతో ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. తీరా వెళ్తే మొదటి డాక్టరు సరిగా చూడకుండానే ఫంగస్ అని ఆయింట్‌మెంట్ రాశారు. అలా ఇంకో రెండు నెలలు పోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోసారి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. డెర్మోస్కోప్ అంటే గుప్పిట్లో పట్టేంత లెన్స్, దానికే లైటు ఉంటుంది, పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఆవిడ దానికి పల్చటి ప్లాస్టిక్ చుట్టి, మచ్చకు చల్లటి జెల్ రాసి మెల్లగా ఆనించారు. తర్వాత ఫోటో చూపించారు. గోధుమ రంగు సన్నటి ఉంగరాలు పక్కపక్కనే పేర్చినట్టు ఉన్నాయి. ఇలా ఉంగరాలో, వరుస గీతలో ఉంటే చాలావరకు అది మెలనోసిస్. చర్మంలో రంగు పోగుపడటమే తప్ప క్యాన్సర్ కాదు. ఈ భాగంలో వచ్చే నల్లమచ్చల్లో ఎక్కువగా ఉండేది ఇదే. కానీ మామూలు కంటికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లాగే కనబడి హడలగొడుతుంది.

నీలం, బూడిద, తెలుపు రంగుల్లో ఏదైనా కనబడి, అక్కడే గీతలూ చుక్కలూ ఏమీ లేకుండా అలుక్కుపోయినట్టు ఉంటే అనుమానించాలట. నా మచ్చకు ఒక మూల ఆవగింజంత బూడిద రంగు ఉంది. మత్తు ఇచ్చి, సరిగ్గా ఆ మూల నుంచే చిన్న ముక్క తీశారు. డెర్మోస్కోపీ చేయకపోయి ఉంటే మధ్యలో నల్లగా ఉన్నచోట తీసి ఉండేవాళ్లేమో, అసలు అనుమానం అలాగే మిగిలిపోయేది. రిపోర్టు వచ్చేదాకా టెన్షన్‌తో నిద్ర లేదు. మెలనోసిస్ అనే వచ్చింది.

కాబట్టి మీ డాక్టరు బయాప్సీ అంటే వద్దనకండి, ఖాయంగా తేల్చేది అదే. డాక్టరే అక్కర్లేదంటే మాత్రం ఫోటో దాచి ఉంచమని అడగండి. నాది దాచారు, వెళ్లిన ప్రతిసారీ కొత్త ఫోటో పక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఈలోగా మచ్చ ఉబ్బినా, పుండు పడినా, రక్తం కారినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.