చార్టిస్టు కుటీరాలను కార్మికులకు ఉచితంగా ఇచ్చారా?

లేదు, 1840ల చివర ఇంగ్లండు పల్లెల్లో కట్టిన ఈ కుటీరాలు దానంగా ఇచ్చినవి కావు, కార్మికులు కొద్దికొద్దిగా చెల్లించి కొన్న వాటాల సొమ్ముతో చార్టిస్టుల (కార్మికులకు ఓటుహక్కు కోరిన బ్రిటిష్ ఉద్యమకారుల) భూమి కంపెనీ కట్టించినవి. మిల్లు యజమాని దయపై బతికే కూలీకి రెండు నుంచి నాలుగు ఎకరాల సాగుభూమి, సొంత గడప దక్కాలని, కౌంటీల్లో (జిల్లాల్లో) 40 షిల్లింగుల విలువైన భూమి గలవారికి ఉన్న ఓటుహక్కు కూడా దానితో రావచ్చని 1845లో ఈ పథకం ప్రారంభించిన చార్టిస్టు నాయకుడు ఫియర్గస్ ఓ'కానర్ ఆశించాడు. వాటాదారులు సుమారు 70,000 మంది కాగా, భూమి దక్కింది దాదాపు 250 మందికే. చాలాచోట్ల చీటీలు తీసి పంచారు.

వూస్టర్‌షైర్‌లోని గ్రేట్ డాడ్‌ఫర్డ్‌లో ఇప్పుడు వారసత్వ కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్న రోజ్‌డీన్ ఈ కుటీరాలకు చక్కని ఉదాహరణ. అది ఒకే అంతస్తు ఇటుక ఇల్లు: నడుమ పొయ్యి ఉన్న వంటగది, అటూ ఇటూ పడకగదులు. అక్కడి నేల బరువైన బంకమట్టి కావడంతో బట్టల మిల్లులో చేయి తిరిగినవారికి సేద్యం సులువు కాలేదు; ఆ ఊరు తర్వాత స్ట్రాబెర్రీలతో నిలదొక్కుకుంది.

ఓ'కానర్ జనం సొమ్ము కాజేశాడన్నది మాత్రం అపోహ. 1848లో పార్లమెంటు విచారణ సంఘం, కంపెనీ లెక్కల పుస్తకాలు అస్తవ్యస్తంగా ఉన్నాయని తప్పుపట్టినా, కంపెనీయే అతనికి బాకీ ఉందని తేల్చింది. ఆ కంపెనీని 1851లో చట్టం ద్వారా మూసివేశారు.